చాక్లెట్ ఊరి హాకీ జట్టు ఎవరి సొత్తు? హెర్షీ బేర్స్ పుట్టుక, యాజమాన్యం వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, హెర్షీ పట్టణానికి చెందిన ఐస్ హాకీ జట్టు హెర్షీ బేర్స్. 1938 నుంచి ఒకే లీగ్‌లో, ఒకే ఊళ్లో ఆడుతోంది. అందరూ అనుకునేట్టు దీని యజమాని చాక్లెట్ కంపెనీ కాదు. జట్టులో ఆడేవాళ్లలో ఎక్కువ మందికి జీతాలిచ్చే పై లీగ్ జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్ కూడా కాదు. ఒక బడి కోసం ఏర్పడిన ట్రస్టు చేతిలోని వినోద సంస్థ దీన్ని నడుపుతోంది. ఫ్రాంచైజీ హక్కు, పెద్ద జట్టుతో అనుబంధం, ఆడే ప్రాంగణం అనే మూడూ వేర్వేరు విషయాలని గ్రహిస్తే మైనర్ లీగ్ జట్లు ఎందుకు ఊళ్లు మారతాయో, ఇది ఎందుకు మారలేదో అర్థమవుతుంది.

మైనర్ లీగ్ అంటే ఏ మెట్టు?

ఉత్తర అమెరికాలో హాకీ అంటే మంచు మీద ఆడేదే. పై మెట్టున నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్ఎల్ ఉంటుంది. దాని కింద అమెరికన్ హాకీ లీగ్, ఏహెచ్ఎల్. ఆ కింద ఈసీహెచ్ఎల్. ప్రస్తుతం ఎన్‌హెచ్ఎల్‌లో 32 జట్లుంటే, ఏహెచ్ఎల్‌లోనూ 32 ఉన్నాయి. పై జట్టు ఒక్కొక్కదానికి కింద ఒక్కో అనుబంధ జట్టు. వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు హెర్షీ బేర్స్ రెండో మెట్టు, సౌత్ కరోలినా స్టింగ్‌రేస్ మూడో మెట్టు.

ఈ మెట్లన్నీ ఎక్కినవాళ్లు నిజంగానే ఉన్నారు. జే బీగిల్ 2007లో ఐడహో జట్టుతో ఈసీహెచ్ఎల్ కెల్లీ కప్, 2009, 2010లలో హెర్షీతో ఏహెచ్ఎల్ కాల్డర్ కప్, 2018లో వాషింగ్టన్‌తో ఎన్‌హెచ్ఎల్ స్టాన్లీ కప్ గెలిచాడు. మూడు స్థాయిల కప్పులూ అందుకున్న తొలి ఆటగాడతను. కోచ్‌లదీ అదే దారి. క్యాపిటల్స్ ప్రధాన కోచ్ స్పెన్సర్ కార్బరీ అంతకుముందు స్టింగ్‌రేస్‌కూ, బేర్స్‌కూ కోచ్‌గా పనిచేసినవాడే.

మైనర్ లీగ్ అనగానే ఊరి పిల్లల ఆట అనుకుంటే పొరపాటు. ఇది పూర్తిస్థాయి వృత్తి క్రీడ. సీజన్‌కు ఒక్కో జట్టు 72 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం సొంత ప్రాంగణంలో. హెర్షీ పట్టణ జనాభా సుమారు 14 వేలు. అక్కడి జయంట్ సెంటర్‌లో హాకీకి పట్టే ప్రేక్షకులు సుమారు 10,500 మంది. ఊరి జనం ఒక్కరితోనే ప్రతి మ్యాచ్‌కూ ఆ కుర్చీలు నిండవు. హ్యారిస్‌బర్గ్, లాంకస్టర్ వైపు నుంచి జనం రావాల్సిందే, వస్తున్నారు కూడా.

1931 నుంచి 1938 దాకా

ఈ జట్టుకు బీజం వేసింది మిల్టన్ హెర్షీ. తన ఫ్యాక్టరీ చుట్టూ ఇళ్లు, ట్రామ్ లైన్లు, పార్కు, బడి కట్టి ఊరు నిలబెట్టిన చాక్లెట్ వ్యాపారి. ఆయన దగ్గర వినోద విభాగం చూసే జాన్ సోలెన్‌బర్గర్‌కు చలికాలంలోనూ జనాన్ని రప్పించే కార్యక్రమం కావాలి. 1906లో మొదలైన హెర్షీ పార్కు వేసవిలో కళకళలాడేది గానీ చలికాలంలో ఖాళీ. పాత సమావేశ మందిరంలో మంచు పరిచి, 1931 ఫిబ్రవరిలో ఔత్సాహిక జట్ల మధ్య ఒక మ్యాచ్ పెట్టించారు. జనం బాగా వచ్చారు. మరుసటి ఏడాది, 1932లో, ఊరికి సొంత జట్టు ఏర్పాటైంది.

అప్పటి పేరు హెర్షీ బార్స్. చాక్లెట్ ప్రకటనలా ఉందని న్యూయార్క్ క్రీడా విలేకరులు తప్పుపట్టడంతో 1936లో బేర్స్‌గా మార్చారు. మొదట ట్రై-స్టేట్ లీగ్, ఆపైన ఈస్టర్న్ అమెచ్యూర్ హాకీ లీగ్‌లో ఆడారు. అక్కడ 1936, 1937, 1938లలో వరుసగా మూడుసార్లు విజేతలు.

ఈ కాలాన్ని నిశితంగా చూడాలి. అమెరికా మహామాంద్యంలో కూరుకుపోయి ఉంది, పనులు లేవు. సిమెంటు, ఉక్కు చవగ్గా దొరుకుతున్నాయి. సరిగ్గా అప్పుడే మిల్టన్ హెర్షీ పెద్ద ఎత్తున కట్టడాలు మొదలుపెట్టాడు. 1933లో హోటల్ హెర్షీ, అదే ఏడాది కమ్యూనిటీ భవనం, 1936 డిసెంబరులో 7,286 సీట్ల స్పోర్ట్స్ అరీనా. దాని పైకప్పును ఇంజినీర్ ఆంటన్ టెడెస్కో పలుచని కాంక్రీటు పెంకులా మలిచాడు. లోపల ఒక్క స్తంభం కూడా లేదు, ఏ సీటు నుంచి చూసినా మంచు మైదానం మొత్తం కనిపిస్తుంది. అమెరికాలో ఈ పద్ధతిలో కట్టిన తొలి భారీ పైకప్పు అదే. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లిన్ ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 100 పాయింట్లు సాధించింది కూడా ఈ కప్పు కిందే.

జట్టు కోసం ప్రాంగణం కట్టారా, ప్రాంగణం నింపడానికి జట్టును పోషించారా అని విడదీసి చెప్పడం కష్టం. రెండూ ఒకే చేతి పనులు కావడమే ఇక్కడ కీలకం. తర్వాత జరిగిన వాటిలో చాలావాటికి మూలం ఇదే.

1936లో రెండు పాత లీగ్‌లు కలిసి ఆడడం మొదలుపెట్టాయి. 1938లో అవి పూర్తిగా విలీనమైనప్పుడు ఖాళీగా ఉన్న ఎనిమిదో స్థానం హెర్షీకి దక్కింది. 1940లో ఆ లీగ్ పేరే అమెరికన్ హాకీ లీగ్‌గా స్థిరపడింది.

యజమాని చాక్లెట్ కంపెనీ కాదు

గందరగోళం ఎక్కువగా ఇక్కడే. జట్టు పేరులో హెర్షీ ఉంది, చాక్లెట్ పేరూ అదే. కాబట్టి కంపెనీయే యజమాని అని చాలామంది రాసేస్తుంటారు. అసలు లెక్క వేరు.

మిల్టన్, కేథరీన్ హెర్షీ దంపతులకు పిల్లలు లేరు. 1909లో వాళ్లు అనాథ బాలుర కోసం ఒక బడి స్థాపిస్తూ ట్రస్టు పత్రం రాశారు. కేథరీన్ 1915లో కన్నుమూశాక, 1918లో మిల్టన్ తన ఆస్తిలో అధిక భాగాన్ని, సుమారు 6 కోట్ల డాలర్ల విలువైన షేర్లను, ఆ ట్రస్టుకే రాసిచ్చేశాడు. నేటి మిల్టన్ హెర్షీ స్కూల్ అదే. పేద కుటుంబాల ఆడ, మగ పిల్లలకు చదువు, తిండి, వసతి అన్నీ ఉచితం.

1927లో వ్యాపారాలను విడదీశారు. చాక్లెట్ తయారీ ఒక కార్పొరేషన్ అయింది, దాని షేర్లు మార్కెట్‌కు వెళ్లాయి. పార్కు, హోటళ్లు, ఊరి సౌకర్యాలు హెర్షీ ఎస్టేట్స్ అనే మరో సంస్థ కిందికి వచ్చాయి. ఈ రెండో సంస్థే కాలక్రమంలో పేర్లు మారి హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ రిసార్ట్స్ అయింది. బేర్స్ జట్టు దీనిదే. జయంట్ సెంటర్‌ను నడిపేదీ ఇదే. ఈ సంస్థ షేర్లు స్టాక్ మార్కెట్లో దొరకవు. మొత్తం యాజమాన్యం స్కూల్ తరఫున ట్రస్టీగా ఉన్న హెర్షీ ట్రస్ట్ కంపెనీది.

చాక్లెట్ కంపెనీకీ ఈ ట్రస్టుకూ సంబంధం లేకపోలేదు. ఒక్కోదానికి పది ఓట్లుండే ప్రత్యేక షేర్ల ద్వారా కంపెనీలో ఓటింగ్ ఆధిక్యం ట్రస్టు చేతిలోనే ఉంది. అంటే చాక్లెట్ కంపెనీ, హాకీ జట్టు ఒకే తల్లి బిడ్డలు తప్ప, ఒకటి రెండోదానికి యజమాని కాదు.

మరి ట్రస్టు తలచుకుంటే అమ్మేయలేదా? 2002లో దీనికి పరీక్ష ఎదురైంది. ట్రస్టు చాక్లెట్ కంపెనీని అమ్మకానికి పెట్టింది. రిగ్లీ కంపెనీ 1,250 కోట్ల డాలర్లు ఇస్తామని ముందుకొచ్చింది. ఊరి జనం రోడ్డెక్కారు. పెన్సిల్వేనియా అటార్నీ జనరల్ కోర్టుకెళ్లి అడ్డుకున్నారు. సెప్టెంబరులో ట్రస్టు వెనక్కి తగ్గింది. అమ్మకానికి వచ్చింది హాకీ జట్టు కాదు. అయినా ఈ ట్రస్టు ఆస్తుల మీద ప్రభుత్వ నిఘా, ఊరి ఒత్తిడి ఎంత బలమైనవో అప్పుడు తేలిపోయింది.

మూడు కాగితాలు

ఏ మైనర్ లీగ్ జట్టు గురించి చదివినా మూడు కాగితాలను విడివిడిగా చూడాలి.

మొదటిది ఫ్రాంచైజీ. లీగ్‌లో ఒక స్థానానికి ఉన్న హక్కు. దీన్ని అమ్మవచ్చు, ఊరు మార్చవచ్చు, అయితే లీగ్ గవర్నర్ల బోర్డు ఒప్పుకోవాలి. రెండోది అనుబంధ ఒప్పందం. పై జట్టు ఆటగాళ్లను, సాధారణంగా కోచ్‌లను సమకూర్చుతుంది. కింది జట్టు టికెట్లు, ప్రకటనలు, జెర్సీల అమ్మకం చూసుకుంటుంది. దీనికి గడువు ఉంటుంది. మూడోది ప్రాంగణం లీజు. అద్దె ఎంత, తిండి కౌంటర్ల రాబడిలో వాటా ఎంత, పార్కింగ్ డబ్బు ఎవరికి, శని ఆదివారాల తేదీలు ముందు ఎవరివి అన్నవన్నీ అందులో ఉంటాయి.

ఊరి పేరు, జట్టు పేరు ఈ మూడింటిలో దేనికీ కట్టుబడి ఉండవు. తెలుగు పాఠకులకు ఇది ఐపీఎల్‌లో తెలిసిన విషయమే. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ ఫ్రాంచైజీ 2012లో రద్దయింది. అదే హైదరాబాద్ నుంచి సన్ టీవీ తీసుకున్న సన్‌రైజర్స్ కొత్త ఫ్రాంచైజీ. ఊరు ఒకటే, పాత కప్పు మాత్రం కొత్త జట్టు ఖాతాలోకి రాదు. హాకీలో హామిల్టన్ బుల్‌డాగ్స్ ఇంకో తరహా. 2015లో దాని ఏహెచ్ఎల్ ఫ్రాంచైజీ మాంట్రియల్ కెనేడియన్స్ చేతికి వెళ్లి సెయింట్ జాన్స్‌కు, 2017లో లవాల్‌కు మారింది. బుల్‌డాగ్స్ పేరు మాత్రం హామిల్టన్‌లోనే ఉండిపోయి, వేరే ఊరి నుంచి తెచ్చిన జూనియర్ జట్టుకు దక్కింది.

హెర్షీలో మొదటి కాగితం, మూడో కాగితం ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. అద్దె పెంచుతామని బెదిరించే ప్రాంగణ యజమాని లేడు. మ్యాచ్‌కొచ్చినవాళ్లు అదే సంస్థ హోటల్లో దిగుతారు, వేసవిలో పార్కుకొస్తారు. జట్టు ఖాతాను విడిగా చూస్తే వచ్చే లాభం కన్నా, చలికాలంలో ఊరికి జనాన్ని రప్పించే సాధనంగా దాని విలువ ఎక్కువ. 1931లో సోలెన్‌బర్గర్ వేసిన లెక్క నేటికీ మారలేదు.

రెండో కాగితం మాత్రం మారుతూనే వచ్చింది. 1984 నుంచి 1996 వరకు ఫిలడెల్ఫియా ఫ్లయర్స్, 1996 నుంచి 2005 వరకు కొలరాడో అవలాంచ్, 2005 నుంచి వాషింగ్టన్. ఫ్లయర్స్ ఎందుకు వెళ్లిపోయిందన్నది ఆసక్తికరం. హెర్షీ మీద అసంతృప్తి కాదు. 1996లో ఫ్లయర్స్ కొత్త ప్రాంగణానికి మారడంతో పాత స్పెక్ట్రమ్ ఖాళీ అయింది. దాన్ని నింపడానికి ఫ్లయర్స్ యాజమాన్యం సొంతంగా ఫాంటమ్స్ అనే ఏహెచ్ఎల్ జట్టు పెట్టుకుంది. 2009లో స్పెక్ట్రమ్ మూతపడుతుండగా ఫాంటమ్స్‌ను బ్రూక్స్ సోదరులకు అమ్మేశారు. ఆ జట్టు ముందు గ్లెన్స్ ఫాల్స్‌కు, 2014లో అలెన్‌టౌన్‌కు చేరింది. పదమూడేళ్లు పూర్తి కాకముందే ఊరు వదిలిన జట్టు, స్థాపించిన తల్లి సంస్థ అవసరం తీరగానే అమ్ముడైంది. ఈలోగా హెర్షీ 1997లో కొలరాడో ఆటగాళ్లతో, 2006లో వాషింగ్టన్ ఆటగాళ్లతో కప్పు గెలిచింది.

కప్పు గెలిచి మాయమైన జట్లు

పెద్ద నగరాల్లోని మైనర్ లీగ్ జట్లకు ఓటమి కన్నా పై లీగ్ విస్తరణే ప్రాణాంతకమైంది. పిట్స్‌బర్గ్ హార్నెట్స్ 1967లో కాల్డర్ కప్ గెలిచింది. అదే ఏడాది నగరానికి ఎన్‌హెచ్ఎల్ జట్టు పెంగ్విన్స్ రావడంతో ఆ సీజనే దానికి చివరిది. బఫెలో బైసన్స్ 1970లో గెలిచింది. నగరానికి ఎన్‌హెచ్ఎల్ జట్టు సేబర్స్ రాకతో అదీ అంతే. తొమ్మిది కాల్డర్ కప్పుల క్లీవ్‌లాండ్ బారన్స్, 1972లో నగరంలోకి ఎన్‌హెచ్ఎల్‌కు పోటీ లీగ్ అయిన వరల్డ్ హాకీ అసోసియేషన్ జట్టు దిగడంతో, మరుసటి ఫిబ్రవరిలో సీజన్ మధ్యలోనే ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు తరలిపోయింది.

ఈ మూడింటికీ లేనిది, హెర్షీకి ఉన్నది చిన్నతనం. 14 వేల జనాభా ఉన్న ఊరికి ఎన్‌హెచ్ఎల్ ఎప్పటికీ రాదు. చుట్టూ వ్యవసాయ ప్రాంతం, పక్కన రాష్ట్ర రాజధాని హ్యారిస్‌బర్గ్. హెర్షీ నిలకడకు ట్రస్టు ఎంత కారణమో, ఈ భౌగోళిక స్థితీ అంతే కారణం. ఈ రెండో భాగాన్ని చాలా కథనాలు వదిలేస్తాయి.

తల్లి జట్టే యజమాని అయితే

ఏహెచ్ఎల్‌లో నేడు రెండు ప్రధాన పద్ధతులున్నాయి. ఒకటి, ఎన్‌హెచ్ఎల్ జట్టే కింది ఫ్రాంచైజీని కొనుక్కోవడం. టొరంటో మార్లీస్, లవాల్ రాకెట్, విల్క్స్-బారీ స్క్రాంటన్ పెంగ్విన్స్ అలాంటివి. రెండోది, స్వతంత్ర యజమాని అనుబంధ ఒప్పందంతో నడపడం. హెర్షీ, షికాగో వూల్వ్స్, మిల్వాకీ అడ్మిరల్స్, గ్రాండ్ ర్యాపిడ్స్ గ్రిఫిన్స్ ఈ కోవలోవి.

తల్లి జట్టు యజమాని అయితే ముందుచూపంతా ఆటగాడి శిక్షణ మీదే. గోలీకి, అంటే గోల్ కాపలాదారుకు, గాయమైన రోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తే, సాయంత్రానికి వేరే గోలీ చేరాలి. హెర్షీ నుంచి వాషింగ్టన్‌కు కారులో రెండు గంటల పైచిలుకు. తూర్పు తీరంలో ఇది సాధ్యం. కాలిఫోర్నియా జట్లకు తూర్పున ఉన్న అనుబంధ జట్టు నుంచి ఆటగాడు రావాలంటే దేశం ఈ చివర నుంచి ఆ చివరకు విమానం ఎక్కాలి. అందుకే ఐదు ఫ్రాంచైజీలను ఒక్కసారే కాలిఫోర్నియాకు తరలిస్తున్నట్టు 2015 జనవరిలో ప్రకటించారు. వూస్టర్ జట్టు శాన్ హోసేకు, మాంచెస్టర్‌ది ఒంటారియోకు, నార్‌ఫోక్‌ది శాన్ డియేగోకు, అడిరొండాక్‌ది స్టాక్‌టన్‌కు, ఓక్లహోమా సిటీది బేకర్స్‌ఫీల్డ్‌కు వెళ్లాయి. ఆయా ఊళ్ల అభిమానులు చేసిన తప్పేమీ లేదు. టికెట్లు అమ్ముడవకనే జట్టు పోయిందని చెప్పే సమాధానం ఇలాంటి సందర్భాల్లో సగమే నిజం.

స్వతంత్ర యజమానికి గెలుపు కావాలి, ఎందుకంటే టికెట్ డబ్బే ఆదాయం. తల్లి జట్టుకు 20 ఏళ్ల కుర్రాడికి మంచు మీద ఎక్కువ నిమిషాలు దొరకడం కావాలి. ఈ లాగులాట షికాగోలో బహిరంగమైంది. 2022లో కప్పు గెలిచిన వూల్వ్స్, 2023-24లో ఏ ఎన్‌హెచ్ఎల్ జట్టుతోనూ అనుబంధం లేకుండా ఆడింది. ఆటగాళ్లలో ఎక్కువ మంది జీతాలు తానే భరించింది. ప్లేఆఫ్స్‌కు చేరలేదు. అటు అంతకుముందు దాని తల్లి జట్టయిన కరోలినా హరికేన్స్ తన యువ ఆటగాళ్లను వేర్వేరు జట్లకు పంచాల్సి వచ్చింది. మరుసటి సీజన్‌కు ఇద్దరూ మళ్లీ ఒప్పందానికొచ్చారు. ఎవరికెవరు ఎంత అవసరమో ఆ ఒక్క ఏడాది చూపించింది.

జీతం ఎవరిస్తారు, పిలుపు ఎలా వస్తుంది

బేర్స్ జెర్సీ వేసుకున్న ఆటగాళ్లు రెండు రకాలు. మొదటి రకం వాషింగ్టన్‌తో ఒప్పందం ఉన్నవాళ్లు. వీళ్ల ఒప్పందాలు చాలావరకు ద్విముఖం. పైన ఆడితే ఒక జీతం, కింద ఆడితే అంతకన్నా బాగా తక్కువ జీతం. వీళ్లు హెర్షీకి రావడం, పోవడం వాషింగ్టన్ ఇష్టం. రెండో రకం నేరుగా హెర్షీతో ఏహెచ్ఎల్ ఒప్పందం చేసుకున్నవాళ్లు. వీళ్ల జీతం హెర్షీదే. వాషింగ్టన్‌కు వీళ్లు కావాలంటే ముందుగా ఎన్‌హెచ్ఎల్ ఒప్పందం రాసుకోవాలి.

ఒక ఎన్‌హెచ్ఎల్ జట్టు గరిష్ఠంగా 50 ఒప్పందాలు పెట్టుకోవచ్చు, చురుకు జాబితాలో 23 మంది. మిగిలినవాళ్లే కింది జట్టుకు ముడిసరుకు. అనుభవం ఉన్న ఆటగాణ్ని కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి. 24 గంటల్లో మరే ఎన్‌హెచ్ఎల్ జట్టయినా అతణ్ని ఎగరేసుకుపోవచ్చు. అదే జరిగితే పై జట్టూ, కింది జట్టూ ఇద్దరూ నష్టపోతారు.

అనుభవజ్ఞులతో జట్టు నింపేసి గెలిచేద్దామంటే లీగ్ నిబంధన అడ్డొస్తుంది. మ్యాచ్‌కు దిగే 18 మందిలో, గోలీలు ఇద్దరూ కాక, కనీసం 13 మంది ఎదుగుతున్న ఆటగాళ్లుండాలి. అందులో 12 మంది 260కి మించి వృత్తి మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు, ఒకరికి 320 వరకు వెసులుబాటు. అంటే సీనియర్లకు మిగిలేవి ఐదు స్థానాలే. ఆ ఐదింటిని ఎవరితో నింపాలన్న దానిలో స్వతంత్ర క్లబ్ నైపుణ్యం బయటపడుతుంది. హెర్షీ ఇక్కడ డబ్బు ఖర్చు పెడుతుంది, దాని ఫలితం పట్టికలో కనిపిస్తుంది. ఇప్పటివరకు 13 కాల్డర్ కప్పులు, లీగ్‌లో మరే జట్టుకూ అన్ని లేవు. చివరి రెండూ వరుసగా 2023, 2024లలో, ఫైనల్లో రెండుసార్లూ ప్రత్యర్థి కొత్తగా వచ్చిన కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్.

గెలుపుతోపాటు అలవాటూ జనాన్ని తెస్తుంది. ఏటా ఒక మ్యాచ్‌లో బేర్స్ తొలి గోల్ కొట్టగానే ప్రేక్షకులు మంచు మీదికి బొమ్మలు విసురుతారు, అవి సేవా సంస్థలకు చేరతాయి. 2025 జనవరి 5న లెక్కిస్తే 1,02,343 బొమ్మలు తేలాయి. సీటుకు పదికి కాస్త అటూఇటూ. మైదానం శుభ్రం చేసేదాకా ఆట ఆగుతుంది. ఇంత తయారీతో జనం వచ్చే జట్టుకు ప్రకటనదారులను వెతకడం కష్టం కాదు.

బలహీనమైన కీలు ఎక్కడుంది

ఫ్రాంచైజీ, ప్రాంగణం పదిలంగా ఉన్నాయి కాబట్టి హెర్షీ ఊరు వదులుతుందన్న భయానికి ప్రస్తుతం ఆధారం కనిపించదు. ఆ స్థాయి నిర్ణయానికి ట్రస్టు బోర్డు మొగ్గాలి, లీగ్ ఒప్పుకోవాలి, రాష్ట్రం కళ్లు దాటాలి. కదిలే అవకాశమున్నది వాషింగ్టన్‌తో అనుబంధం మాత్రమే. క్యాపిటల్స్ యజమాని టెడ్ లియోన్సిస్ సంస్థ ఎప్పుడైనా తన సొంత ఏహెచ్ఎల్ జట్టు కావాలనుకుంటే, 1996లో ఫిలడెల్ఫియా చేసిందే పునరావృతం కావచ్చు. అయితే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. నాడు జట్ల సంఖ్యలు సరితూగేవి కావు, అదనంగా ఒక ఏహెచ్ఎల్ జట్టు పెట్టుకునే వీలుండేది. నేడు పైన 32, కింద 32. వాషింగ్టన్‌కు కొత్త జట్టు కావాలంటే ఉన్న ఫ్రాంచైజీల్లో ఒకదాన్ని కొనాలి. ఆ ఫ్రాంచైజీకి అప్పటివరకు అనుబంధంగా ఉన్న ఎన్‌హెచ్ఎల్ జట్టుకు కింద చోటు కావాలి. అప్పుడు ఖాళీగా మిగిలేది హెర్షీయే. జత మారుతుంది గానీ, హెర్షీకి జతంటూ లేకుండా పోయే పరిస్థితి రాదు.